గీటురాయికి బంగారం పుట్టించడం రావాలా?

(చిత్రకళ, శిల్పం చదువుతున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? సరే.

ఇందాక నన్ను పరిచయం చేసిన అబ్బాయి “కళా సిద్ధాంతంలో ముప్ఫై ఏళ్ళ అనుభవం” అన్నాడు. ఆ మాట ఎక్కడ విన్నా నాకు కాస్త టెన్షన్ మొదలవుతుంది. ముప్ఫై ఏళ్ళుగా బొమ్మల గురించి మాట్లాడుతున్నాను, రాస్తున్నాను, మీ పేపర్లు దిద్దుతున్నాను. బొమ్మ వెయ్యడం మాత్రం రాదు. మొన్న గుర్రాన్ని గీస్తే మా మనవరాలు చూసి “కుక్క బాగుంది అమ్మమ్మా” అంది. (నవ్వులు) చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మీరంతా చేసేవాళ్ళు. రోజూ మట్టి పిసుకుతారు, రంగులు కలుపుతారు. అయినా ఈ గంటసేపూ మీరు వినేవాళ్ళు, నేను చెప్పేదాన్ని. ఈ కుర్చీ నాకెలా దక్కిందో, దక్కడం న్యాయమేనో కాదో ఇవాళ మీ ముందే తేల్చుకుందామనుకుంటున్నాను.

పోయిన నెల మీలో ఒకమ్మాయి క్లాసులో లేచి అడిగింది. “మేడం, మీరెప్పుడూ బొమ్మ వెయ్యలేదు కదా. మరి బొమ్మ ఎలా పుడుతుందో మాకెలా చెప్తారు?” కోపంతో అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అప్పటికి ఏదో సర్దిచెప్పాను. ఇంటికెళ్ళాక ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఈ ప్రశ్న వచ్చినచోట బార్నెట్ న్యూమన్ మాట రాకుండా ఉండదు. న్యూమన్ అమెరికా చిత్రకారుడు. పక్షులకి పక్షిశాస్త్రం ఎంత పనికొస్తుందో కళాకారులకి సౌందర్యశాస్త్రం అంతే పనికొస్తుందని 1952లో ఒక సభలో అన్నాడు. చప్పట్లు కొట్టించే మాట. అన్న మనిషి స్వయంగా పేజీలకి పేజీలు కళ గురించి రాశాడనుకోండి, అది వేరే సంగతి. ఆ మాటని కాస్త తిప్పి చూడండి. పక్షిశాస్త్రం పక్షుల కోసం రాసింది కాదు. రాసేవాడికి రెక్కలుండనక్కర్లేదు. సలీం అలీకి ఎగరడం రాదు. కానీ ఆయన 1930ల మొదట్లో పక్షుల సర్వే కోసం హైదరాబాద్ సంస్థానమంతా తిరిగాడు. పక్షి లేచే వేళకి లేచాడు. గదిలో కూర్చుని, అట్టముక్కకి గుచ్చిన ఈకలు మాత్రమే చూసి రాసి ఉంటే ఆ పుస్తకాలు ఇవాళ ఎవరు తెరిచేవాళ్ళు?

మరి నేను ఏ చెట్టు కింద కూర్చున్నాను? మొదట్లో ఎక్కడా కూర్చోలేదు. ఆ కథే చెప్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కలంకారీ మీద ఒక ప్రసంగం చేశాను. శ్రీకాళహస్తి పనిలో బొమ్మ చుట్టూ నల్లటి గీత ఉంటుంది కదా, దాని మీదే అరగంట మాట్లాడాను. దేవుణ్ణి లోకం నుంచి వేరుచేసే హద్దు అన్నాను. రూపానికీ శూన్యానికీ మధ్య గోడ అన్నాను. రంగుల్లో వెలుగునీడలు లేకపోవడం కాలం ఆగిపోయిన లోకానికి గుర్తు అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. జీవితమంతా కలం పట్టిన మనిషని ఆ వేళ్ళు చూస్తేనే తెలుస్తుంది.

“బాగా చెప్పినారు మా,” అన్నాడు. “ఒగ మాట. బొగ్గుతో గీసింది నీళ్ళల్లో పోతాది. ఎన్ని ఉతుకులు ఉతికినా నిలబడే గీత ముందు పడాల. లేకుంటే యాడ ఏ రంగు ఎయ్యాలో మాకే తెలీదు.”

అంతే. దండం పెట్టి వెళ్ళిపోయాడు. నా గోడ, నా శూన్యం అక్కడే కూలిపోయాయి.

మీలో కొందరు ఆ పని చూసి ఉండరు కాబట్టి చెప్తాను. ముందు నూలుగుడ్డని గంజి పోయేదాకా ఉతుకుతారు. కరక్కాయ పొడి, పచ్చి గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డలో పాకిపోకుండా పెట్టిన చోట నిలబడుతుంది. చింతబరికల్ని కాల్చి చేసిన బొగ్గుపుల్లతో బొమ్మ గీసుకుంటారు. తర్వాత కలం. వెదురుపుల్ల కొనకి కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. అది రంగు తాగుతుంది. వేళ్ళతో నొక్కితే దిగుతుంది. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లం నీళ్ళలో మూడు వారాలు మాగబెడతారు. దాన్ని కసిం అంటారు. కలంలో ఉన్నప్పుడు అది నలుపు కాదు. గుడ్డలో ఉన్న కరక్కాయ వగరుతో ఆ ఇనుము కలిసినప్పుడు, మన కళ్ళముందే నల్లబడుతుంది. ఒకసారి పడ్డాక చెరిపే దారి దాదాపు లేనట్టే. ఆ తర్వాత ఎరుపు రావాల్సినచోట పటికనీళ్ళు పెట్టి ఆరనిస్తారు. పారే నీళ్ళలో ఉతుకుతారు. నిలవనీళ్ళైతే ఊడిన పటిక పక్కకి అంటి, రాకూడని చోట కూడా ఎరుపు వస్తుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని పెరగడానికి ఆ పారే నీళ్ళు ఒక కారణం. తర్వాత ఎర్రరంగు చెక్కలతో కలిపి ఉడకబెడతారు. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. మళ్ళీ ఉతుకు, మళ్ళీ పాలు, తర్వాత పసుపు, నీలం. ఇన్ని నీళ్ళు, ఇన్ని మంటలు దాటి బతకాల్సిన గీత అది. నేను దాన్ని వేదాంతం చేసి కూర్చున్నాను.

తప్పు ఎక్కడ జరిగింది? గుడ్డ నిర్ణయించినదాన్ని నేను మనిషి ఎంచుకున్నాడనుకున్నాను. చేసిన అనుభవం లేని సిద్ధాంతానికి మొట్టమొదట తగిలే దెబ్బ ఇదే. ప్రతిదీ కావాలనే చేసినట్టు కనబడుతుంది.

అయితే ఈ కథని ఇక్కడ ఆపేస్తే మీరు గెలిచారు, నేను ఇంటికెళ్ళాలి. ఆ పెద్దాయన మాట పూర్తిగా నిజమే కానీ అదొక్కటే నిజం కాదు. ఇవాళ స్క్రీన్ ప్రింటు కలంకారీ చీరలు ఎన్ని వస్తున్నాయో చూస్తున్నారు కదా. వాటికి కరక్కాయ లేదు, కసిం లేదు, ఆ నల్లగీతతో అవసరమే లేదు. అయినా వేస్తున్నారు. అది లేకపోతే కొనేవాళ్ళు కలంకారీ అని ఒప్పుకోరు. గుడ్డకి అవసరం తీరిపోయాక ఆ గీత చూసేవాళ్ళ కంట్లో స్థిరపడిపోయింది. ఎందుకు స్థిరపడింది, ఆ గీత మన కంటిని ఏం చేస్తోంది అనే ప్రశ్నకి కసిం కుండలో జవాబు దొరకదు. దాన్ని చూసే వైపు నుంచే వెతకాలి.

ఈ రెండు వైపులూ కొత్తవేం కాదు. అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’ అనే ఒకే పుస్తకంలో రెండు జవాబులూ ఇచ్చాడు. మూడో భాగంలో, ఇల్లు ఎలా ఉందో కట్టినవాడికంటే కాపురమున్నవాడు బాగా చెప్తాడు, విందు గురించి వంటవాడికంటే తిన్నవాడు బాగా చెప్తాడు అన్నాడు. అదే పెద్దమనిషి ఎనిమిదో భాగానికి వచ్చేసరికి, పిల్లలు చిన్నప్పుడు స్వయంగా పాడి, వాయించి నేర్చుకోవాలి, లేకపోతే పెద్దయ్యాక సంగీతం మంచిచెడ్డలు తేల్చడం కష్టం అన్నాడు. నేర్చుకున్నాక వదిలెయ్యమన్నాడు కూడా. వాయిద్యం వాయించడమే వృత్తిగా పెట్టుకోవడం ఆయన దృష్టిలో పెద్దింటి పిల్లలకి తగదు. ఆ అహంకారం పక్కన పెడితే సలహా ఆలోచించదగ్గదే. మన ఇళ్ళలో పదేళ్ళ వయసులో సరళీస్వరాలు, జంటస్వరాలు నేర్చుకుని మానేసినవాళ్ళు ఎంతమంది! కచేరీలో గాయకుడు ఏదో చేసినప్పుడు ముందుగా తల ఊపేది వాళ్ళే.

ఇప్పుడు అసలు కేసుకి వద్దాం. కేసు అంటే నిజంగా కోర్టు కేసే. ‘చేసినవాడే మాట్లాడాలి’ అనే వాదన కోర్టు మెట్లెక్కిన సందర్భం ఇది.

విస్లర్ అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన చిత్రకారుడు. థేమ్స్ ఒడ్డున క్రిమోర్న్ తోటలో రాత్రిపూట బాణసంచా కాల్చేవాళ్ళు. 1875లో ఆయన దాన్ని బొమ్మ వేశాడు. నలుపు, పొగ, రాలుతున్న నిప్పురవ్వలు, అంతే. చూస్తే ఏది నీరో ఏది ఆకాశమో తెలియదు. 1877లో గ్రోవ్‌నర్ గ్యాలరీలో పెట్టి 200 గినీలు ధర చెప్పాడు. అప్పటి ఇంగ్లండులో కళ గురించి ఎవరి మాట శాసనమో ఆ జాన్ రస్కిన్ దాన్ని చూసి, జనం మొహాన రంగుడబ్బా విసిరికొట్టి 200 గినీలు అడిగే షోకిలా ఒకడుంటాడని నేననుకోలేదు అనే ధోరణిలో రాశాడు. విస్లర్ పరువు నష్టం దావా వేశాడు. 1000 పౌన్లు కావాలన్నాడు.

1878 నవంబర్‌లో విచారణ జరిగింది. రస్కిన్ ఆరోగ్యం బాగాలేక కోర్టుకి రాలేదు. ఈ బొమ్మ ఎన్నాళ్ళలో వేశావని ఆయన తరఫు లాయరు విస్లర్‌ని అడిగాడు. రెండు రోజులన్నాడు. రెండు రోజుల పనికి 200 గినీలా? కాదు, జీవితమంతా సంపాదించిన జ్ఞానానికి అన్నాడు విస్లర్. మీరు ఫ్రీలాన్స్ పనులకి బిల్లు రాసేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి. (నవ్వులు) పనితనం అంటే ఏమిటో చూపించడానికి రస్కిన్ తరఫువాళ్ళు పాతకాలపు ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన బొమ్మ అంటూ ఒకటి కోర్టుకి మోసుకొచ్చారు. దాన్ని ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో టిషియన్ పేరుతో పెట్టలేదు. అది కెటీనా అనే ఇంకో చిత్రకారుడు వేసిందంటున్నారు. నిపుణుల సంగతి అలా ఉంటుంది.

తీర్పు విస్లర్ వైపే వచ్చింది. నష్టపరిహారం ఒక ఫార్దింగ్. అంటే పెన్నీలో నాలుగోవంతు. మన భాషలో దమ్మిడీ అనుకోండి. ఖర్చులు ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలి. మరుసటి ఏడాది విస్లర్ దివాలా తీశాడు. రస్కిన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ పదవి వదులుకున్నాడు. కేసు తర్వాత విస్లర్ ఒక చిన్న పుస్తకం వేశాడు. బొమ్మల మీద తీర్పు చెప్పే హక్కు చిత్రకారుడిదే అని అందులో వాదన. బొమ్మల మధ్య జీవితం గడిపినంత మాత్రాన ఎవడూ చిత్రకారుడు కాడు, అలాగైతే నేషనల్ గ్యాలరీలో కాపలా కాసే పోలీసు కూడా హక్కు అడుగుతాడు అని వెక్కిరించాడు.

చేసేవాడికీ చెప్పేవాడికీ మధ్య జరిగిన పోట్లాటగా ఈ కథని చెప్తుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. కానీ అందులో ఉన్న మనుషులెవరో చూడండి. రస్కిన్ చెప్పేవాడు మాత్రమే కాదు. ఆయన చెయ్యి ఎంత తిరిగిందో తెలియాలంటే ఆయన వేసిన ఆకులు, రాళ్ళు, వెనిస్ గోడలు చూడాలి. రోజూ గీసేవాడు. గీయడం ఎలాగో నేర్పుతూ 1857లో పుస్తకం రాశాడు. ఆక్స్‌ఫర్డ్‌లో డ్రాయింగు బడి పెట్టాడు. చేసిన అనుభవం కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? అదే రస్కిన్ 1843లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, లోకమంతా ఎగతాళి చేస్తున్న చిత్రకారుడు టర్నర్‌ని వెనకేసుకొచ్చాడు. టర్నర్ మంచుతుఫాను బొమ్మని సబ్బునురుగు, సున్నం అని తిట్టిన రోజులవి. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత రస్కినే రంగుడబ్బా అన్నాడు. ఈలోగా ఆయన చెయ్యి మానెయ్యలేదు. చూపు బిగుసుకుపోయింది.

ఇంకోటి. కోర్టులో రస్కిన్ తరఫున, అంటే విస్లర్ బొమ్మకి వ్యతిరేకంగా, సాక్ష్యం చెప్పినవాళ్ళలో బర్న్-జోన్స్ ఉన్నాడు. పేరున్న చిత్రకారుడు. ఆ బొమ్మ పూర్తికాలేదన్నాడు. విస్లర్ పక్షాన నిలబడ్డవాళ్ళలో విలియం మైకేల్ రొసెట్టి ఉన్నాడు. అన్న డాంటే చిత్రకారుడే గానీ ఈయన మాత్రం ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూ విమర్శలు రాసుకునే మనిషి. కుంచె పట్టేవాడు కళ్ళు మూసుకున్నాడు, గుమాస్తా బొమ్మని చూశాడు. విస్లర్ సూత్రాన్నే పాటించి ఉంటే ఆయన తన సాక్షిని బయటికి పంపి, బర్న్-జోన్స్‌ని కూర్చోబెట్టుకోవాల్సి వచ్చేది.

చేసేవాళ్ళ సిద్ధాంతాలకి ఇంకో జబ్బు కూడా ఉంది. కొట్టువాడి తక్కెడ కొట్టువాడి వైపే కాస్త మొగ్గుతుంది. చిత్రం గొప్పదా, శిల్పం గొప్పదా అని ఇటలీలో పెద్ద వాదన నడిచింది. శిల్పి ఒళ్ళంతా రాతిపొడితో రొట్టెలవాడిలా తెల్లగా ఉంటాడు, చిత్రకారుడు మాత్రం మంచి బట్టలు కట్టుకుని, సంగీతం వింటూ హాయిగా పని చేసుకుంటాడు కాబట్టి చిత్రమే గొప్పదని లియొనార్డో రాశాడు. మైకెలాంజెలోని అడిగితే, ఉబ్బెత్తు శిల్పానికి దగ్గరైనకొద్దీ బొమ్మ బాగుపడుతుంది, బొమ్మకి దగ్గరైనకొద్దీ శిల్పం చెడిపోతుంది అన్నాడు. ఈ వాదనలకి పట్టే టైములో బొమ్మలే చేసుకోవచ్చు అని కూడా విసుక్కున్నాడు. ఆ విసుగు మాత్రం నాకు చాలా ఇష్టం.

మనవాళ్ళు ఈ విషయంలో ఇంకొంచెం తెలివిగా వ్యవహరించారనిపిస్తుంది. భరతుడు నాట్యశాస్త్రంలో ప్రదర్శన ఎలా ఉండాలో చెప్పి ఊరుకోలేదు, దాని మంచిచెడ్డల మీద తగువొస్తే ఎవరిని అడగాలో కూడా చెప్పాడు. వాళ్ళని ప్రాశ్నికులు అంటాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, సంగీతం తెలిసినవాడు, రాజసేవకుడు. పదిమంది. రంగం మీద విల్లెక్కుపెడితే ఆ నిలబడిన తీరు సరిగ్గా ఉందో లేదో విలుకాడు చెప్పాలి. శృంగారం పండిందో లేదో వేశ్య చెప్పాలి. చూడండి, వీళ్ళలో చాలామంది నటులు కాదు. కానీ ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చేసి తెలుసుకున్నవాళ్ళు. ‘అనుభవం కావాలా’ అని మనం అడుగుతున్న ప్రశ్నని ఆయన ‘దేని అనుభవం’ అని మార్చేశాడు. ఇంత సూటిగా ఎవరూ మార్చలేదు.

చిత్రసూత్రంలో ఒక శ్లోకం ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలో బొమ్మలు వెయ్యడం గురించి చెప్పే భాగం అది. రేఖాం ప్రశంసంత్యాచార్యాః అని మొదలవుతుంది. బొమ్మలో ఆచార్యులు గీతని మెచ్చుకుంటారు, వివేకం ఉన్నవాళ్ళు వర్తనని, అంటే వెలుగునీడల పనిని మెచ్చుకుంటారు, స్త్రీలు నగల్ని కోరుకుంటారు, మిగతా జనం రంగుల్ని. స్త్రీలకి నగలేనట! ఈ పాదం దగ్గర నేను ప్రతిసారీ ఒక నిమిషం ఆగి, ఆ రచయితని నాలుగు మాటలని, ముందుకు వెళ్తాను. (నవ్వులు) కానీ ఆ మొదటి పాదం నిజం. చేసినవాడి కన్ను గీత మీదికే పోతుంది, ఎందుకంటే తప్పు దాచుకోవడానికి చోటులేనిది అక్కడే. మిగిలినవాళ్ళకి కనబడేది అబద్ధమని మాత్రం ఆ శ్లోకం అనలేదు.

సంస్కృత కవి రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభని రెండుగా విడదీశాడు. రాసేవాడిది కారయిత్రి, చదివి లోతు పట్టేవాడిది భావయిత్రి. రెండూ ఒకటే అనేవాళ్ళూ ఉన్నారని చెప్పి, కావని చెప్పే ఒక శ్లోకం ఎత్తిచూపాడు. ఒక రాయి బంగారాన్ని పుట్టిస్తుంది, ఆ బంగారాన్ని పరీక్షించేది ఇంకో రాయి. మన కంసాలి దగ్గర ఉండే గీటురాయే. నా ఉద్యోగానికి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు. చాలా ఏళ్ళు దాన్ని పట్టుకుని తిరిగాను. తర్వాత ఒక కంసాలి కొట్లో ఆ రాయిని దగ్గరగా చూశాను. నల్లగా, నున్నగా, ఒళ్ళంతా పసుపుగీతలతో ఉంది. బంగారం దాన్ని రుద్దుకుంటూ పోయిన గుర్తులవి. బీరువాలో దాచిపెట్టిన రాయి గీటురాయి ఎలా అవుతుంది?

సంగీతం వాళ్ళకి దీనికి పేర్లే ఉన్నాయి. లక్షణం, లక్ష్యం. శాస్త్రంలో రాసింది లక్షణం, గొంతులో పలికేది లక్ష్యం. రెంటికీ తగువొస్తే లక్ష్యానిదే పైచేయి అనే మాట మన సంగీతశాస్త్రంలో పాతదే. విజయనగరంలో అళియ రామరాయల కాలంలో, 1550లో స్వరమేళకళానిధి రాసిన రామామాత్యుడు కూడా ఆ పక్షమే. ఈ లెక్కన శాస్త్రం ఎప్పుడూ పాటవెనక నడవాలి. కానీ ఒకసారి ముందు నడిచింది.

పదిహేడో శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో మేళాల లెక్క కట్టాడు. మేళమంటే రాగాలకి మూలమైన స్వరాల వరస. స, ప కదలవు. రి-గ జంటలు ఆరు, ధ-ని జంటలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్ఫై ఆరు, ముప్ఫై ఆరు రెళ్ళు డెబ్బై రెండు. అప్పటికి వాడుకలో ఉన్నవి పందొమ్మిదే. మిగతా యాభై మూడూ ఎవరూ పాడినవి కావు, విన్నవి కావు. ఆయన స్వయంగా సంగీతం తెలిసిన మనిషే, కానీ ఈ యాభై మూడింటి విషయంలో మీకంటే నాకంటే ఎక్కువ అనుభవం ఆయనకేం లేదు. కాగితం మీద గళ్ళు. పైగా ఈ లెక్కలో ఒకటి పెంచడం, తగ్గించడం ఆ ముక్కంటి తరం కూడా కాదని ధీమా. పాడని రాగాలకి లెక్కెందుకని నవ్వి ఊరుకోవచ్చు. కానీ తర్వాత తరాల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ ఖాళీ గదుల్లో కాపురం పెట్టారు. మన కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ డెబ్బై రెండు మేళాల్లోనూ కృతులు కట్టి 1952లో పుస్తకంగా వేశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. మీ వయసే. చెయ్యకుండా కట్టిన లెక్క మూడు వందల ఏళ్ళ తర్వాత ఒక కుర్రాడి గొంతులో పలికింది. చేసిన అనుభవం లేని సిద్ధాంతం గొడ్డుబోతుదని ఎవరైనా అంటే నేను ఈ గళ్ళ కాగితం చూపిస్తాను.

అయితే ఆ గళ్ళలో ఏ గది నివాసయోగ్యమో, ఏ గదిలో ఊపిరాడదో లెక్క చెప్పలేదు. వివాది మేళాలు, అంటే పక్కపక్క స్వరాలు ఒకదానితో ఒకటి పొసగనివి, పాడేవాళ్ళని అడగండి. ఆ సంగతి గొంతుకే తెలుస్తుంది.

మరి నాలాంటివాళ్ళు ఏం చెయ్యాలి? నాకు దారి చూపించింది ఒక భూగర్భ శాస్త్రవేత్త. కళాచరిత్ర రాసిన ఆనంద కుమారస్వామి పేరు మీ అందరికీ తెలుసు, పరీక్షల్లో వస్తుంది కాబట్టి. 1877లో కొలంబోలో పుట్టాడు. చదివింది రాళ్ళ శాస్త్రం. 1903 నుంచి 1906 వరకు సిలోన్ ఖనిజాల సర్వేకి డైరెక్టరు. రాళ్ళ కోసం ఊళ్ళు తిరుగుతుంటే దారిలో కమ్మర్లు, కంసాలులు, లక్కపని వాళ్ళు, నేతగాళ్ళు, గుడిగోడల మీద బొమ్మలు వేసేవాళ్ళు కనబడ్డారు. ఆయన వాళ్ళ పక్కన కూర్చున్నాడు. రాయి దేనితో ఏర్పడిందని అడిగే అలవాటు ఎలాగూ ఉంది, బొమ్మనీ అదే అడిగాడు. రంగు దేనితో చేస్తారు, గీత ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు, పిల్లవాడికి మొదట ఏం నేర్పుతారు. 1908లో మధ్యయుగపు సింహళ కళ మీద పుస్తకం వేశాడు. దాన్ని ఇంగ్లండులో తన ఇంట్లోనే, చేతిపనుల ఉద్యమం నడిపిన విలియం మోరిస్ వాడిన ముద్రణ యంత్రం మీద, దగ్గరుండి అచ్చు వేయించాడు. 425 ప్రతులు. చేతిపని గురించి రాసిన పుస్తకం చేతిపనిగానే బయటికి రావాలని ఆ పట్టుదల. తర్వాత బోస్టన్ మ్యూజియంకి వెళ్ళాడు, గ్రంథాలకి దగ్గరయ్యాడు, చేతులకి దూరమయ్యాడు. చాలామంది ఆ తర్వాతి కుమారస్వామినే చదువుతారు. నాకు మాత్రం మోకాళ్ళకి మట్టి అంటిన 1908 నాటి మనిషే ఇష్టం.

ఆయన కంసాలి కాలేదు, నేతగాడు కాలేదు. కానీ ఆయన రాసిన వాక్యం తప్పైతే, అది తప్పని చెప్పగలిగిన మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడు. నాకు ఇందులో కావలసింది దొరికింది. సిద్ధాంతం రాసేవాళ్ళకి చెయ్యి తిరగాలని నేననను. కాదనే అవకాశం ఆ వస్తువుకీ, ఆ పనివాడికీ ఇచ్చి తీరాలంటాను. పెద్దాయన “బొగ్గుతో గీసింది నీళ్ళల్లో పోతాది” అన్నట్టు. ఆ ‘కాదు’ దొరికే సులువైన చోటు పని జరిగే గది. సొంత చేతితో చేస్తే ఇంకా త్వరగా దొరుకుతుంది, ఎందుకంటే వస్తువు మర్యాద పాటించదు. ఆ పెద్దాయనలా దండం పెట్టి చెప్పదు.

ఇక ప్రశ్నలేమైనా ఉంటే... అదిగో, నువ్వేనమ్మా ఆ రోజు క్లాసులో అడిగింది? అడుగు.

(విద్యార్థిని: మేడం, ఆ తర్వాతైనా మీరు కలం పట్టుకున్నారా?)

పట్టుకున్నాను. (నవ్వులు) ఆ పెద్దాయన అడ్రసు వెతుక్కుంటూ శ్రీకాళహస్తి వెళ్ళాను. పదకొండు రోజులున్నాను. మొదటి మూడు రోజులు ఉత్త గీతలే. కలం ముంచి గుడ్డ మీద ఆనించగానే మొదటిచోట బొట్టు లావుగా దిగుతుంది. దాన్ని లావుగా కనబడకుండా నడిపించాలంటే ఊపిరి బిగబట్టాలి. నాకు రాలేదు. కానీ ఇంటికొచ్చాక పాత కలంకారీ గుడ్డ ఏది చూసినా ఒకటి కనబడటం మొదలైంది. ఎక్కడ కలం ఆరిపోయిందో, ఎక్కడ మళ్ళీ ముంచారో, ఆ అతుకుని చీర కుచ్చిళ్ళలోనో చెట్టు కొమ్మలోనో ఎలా దాచారో. పదేళ్ళు అవే బొమ్మల మీద పాఠాలు చెప్పాను, ఆ అతుకు ఒక్కసారీ చూడలేదు.

చివర్లో ఒక చిన్న గుడ్డ పూర్తి చేశాను. ఒక చిలక, ఒక కొమ్మ. పటికనీళ్ళు ఆరాక పెద్దగా కనబడవని చెప్పాను కదా... చెప్పలేదా? కనబడవు. నా కలం నుంచి ఎక్కడెక్కడ కారిందో నాకే తెలియదు. ఉడకబెట్టి తీసేసరికి చిలక చుట్టూ ఎర్రటి చుక్కలు తేలాయి. పెద్దాయన గుడ్డని ఎండకి ఎత్తిపట్టి, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. “పదమూడు మా,” అన్నాడు.

ఆ గుడ్డని ఫ్రేమ్ కట్టించి మా హాల్లో పెట్టాను. పోయిన ఏడాది నా దగ్గర పరిశోధన చేస్తున్న కుర్రాడు ఇంటికొచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. చిలక మామూలుగానే ఉంది మేడం, కానీ ఆ చుక్కల అమరిక ఉంది చూశారా, అది నక్షత్రమండలం అయ్యుంటుందా అని అడిగాడు.

నేను అవుననలేదు, కాదనలేదు. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.